పుక్కిలించని పాపం

నాకు వైద్యం సగం తెలుసు. మొత్తం తెలిసినవాడు మందు ఇస్తాడు, ఏమీ తెలియనివాడు డాక్టరు దగ్గరికి వెళ్తాడు. నాలాంటివాడు నాలుక గీక్కుంటాడు.

కరోల్ బాగ్‌లో దీపావళి వెళ్లిందంటే గాలి గొంతులో గీరుకుంటుంది. ఉబ్బసం మనిషిని కాబట్టి స్టెరాయిడ్ ఇన్‌హేలర్ వాడమన్నారు. పీల్చాక నోరు పుక్కిలించి ఉమ్మేయాలని దాంతో వచ్చిన కాగితంలోనే ఉంది. ఆ కాగితం మీద నేను టీ గ్లాసు పెట్టుకున్నాను. మందు పీల్చి రజాయిలో దూరాక, ఢిల్లీ చలికి మళ్లీ లేచి కుళాయి దగ్గరికి ఎవడు వెళ్తాడు!

కొన్నాళ్లకు నాలుక మీదా, బుగ్గల లోపలా తెల్లటి పొరలు లేచాయి. కారం తగిలితే మంట, ఏం తిన్నా రుచి లేదు. వేడి చేసిందని తీర్మానించాను. నేనుండేది హకీం అజ్మల్ ఖాన్ పేరున్న రోడ్డు పక్క సందులో. ఆయన స్థాపించగా 1921లో గాంధీజీ ప్రారంభించిన తిబ్బియా వైద్య కాలేజీ నడిచి వెళ్లేంత దూరం. అయినా ఏ వైద్యుణ్ణీ అడగలేదు. చలవ చేస్తుందని గుల్‌కంద్ సీసా కొని చెంచాలకు చెంచాలు తిన్నాను. తగ్గకపోయేసరికి ఎప్పటివో మిగిలిన యాంటిబయాటిక్ బిళ్లలు వేసుకున్నాను. ఆఖరికి టంగ్ క్లీనర్‌తో బర్రున గీకాను. పొర ఊడింది, కింద ఎర్రగా పచ్చిపుండు తేలి రక్తం వచ్చింది.

ఆ రాత్రి ఫోనులో వెతికితే, ఇది శిలీంధ్రం వల్ల వచ్చే పూత కావచ్చని కనిపించింది. 1981లో లాస్ ఏంజెలెస్ నుంచి వచ్చిన తొలి ఎయిడ్స్ నివేదికలో ఉన్న అయిదుగురికీ ఈ పూత ఉందట. తెల్లవార్లూ మనసులో వీలునామా రాసుకున్నాను.

పొద్దున్నే డాక్టరు నోట్లోకి లైటు వేసి చూసి, "మందు పీల్చాక పుక్కిలిస్తారా?" అన్నారు.

"రోజూ పొద్దున్నే పళ్లు తోముకుంటానండీ," అన్నాను.

ఆయన నవ్వాపుకుని విడమరిచారు. క్యాండిడా అల్బికన్స్ అనే శిలీంధ్రం చాలామంది నోళ్లలో అణిగిమణిగి ఉండేదే. నోట్లో మిగిలిన స్టెరాయిడ్ అక్కడి రోగనిరోధక శక్తిని తగ్గిస్తుంది. యాంటిబయాటిక్ శిలీంధ్రాన్ని ఏమీ చేయదు, దాన్ని అదుపులో ఉంచే బాక్టీరియాను చంపుతుంది. గుల్‌కంద్‌లోని చక్కెర ఆ శిలీంధ్రానికి మేత. అంటే కాపలావాళ్లను తరిమేసి దొంగకు విందు పెట్టింది నేనే. క్లోట్రిమజోల్ నోటి మందుతో పూత తగ్గింది. షుగరు, హెచ్‌ఐవీ పరీక్షల్లో ఏమీ లేదని తేలింది.

ఇన్‌హేలర్ వాడేవాళ్లు పీల్చిన వెంటనే పుక్కిలించి ఉమ్మేయండి, మందు మాత్రం మానకండి. ఈ పూత రాకుండా కట్టుడు పళ్లవాళ్లు కూడా రాత్రి వాటిని తీసి కడిగి పెట్టుకోండి. కారణం తెలియకుండా పూత వస్తే ముందు షుగరు చూపించుకోండి. గీకకండి.