ముందు ఆయన్ని పంపు!

బీదర్ కుర్రాడా, స్పోర్ట్స్ కారు కోసం గంటకు 255 లీటర్లు తోసే పెట్రోలు పంపు తెప్పించావట. వీడియో చూసి వాకిట్లోనే బిగిస్తావట. భేష్! ఫ్యూజు పీకి లైన్లో ప్రెషర్ దించాలి, బ్యాటరీ నెగటివ్ వైరు విప్పాలి, ఆపైనే ట్యాంకు మూత. సరిగ్గా అప్పుడే పక్కింటి బాబాయి బీడీ వెలిగించుకుని సలహా చెప్పడానికొస్తాడు. ముందు ఆయన్ని పంపు, తర్వాత పంపు సంగతి చూద్దువు.

ఇంతా చేస్తే ఒక్క హార్స్‌పవరైనా పెరగదు. ఇంజిన్ తాగినంత తాగాక మిగిలింది రెగ్యులేటర్ మళ్లీ ట్యాంకులోకే తోలేస్తుంది. ఇంజెక్టర్లు, ఈసీయూ ట్యూనింగ్ మారితేనే ఈ పెద్ద పంపుకి పని. లావు వైరు, రిలే వెయ్యకపోతే పాత సన్న వైరు కాగుతుంది. పైగా పంపును చల్లబరిచేది ట్యాంకులోని పెట్రోలే. నీదేమో వంద రూపాయలకు కొట్టించే అలవాటాయె!

ఇదే ఊళ్లో బహమనీల కాలంలో, 15వ శతాబ్దంలో, కరేజ్ తవ్వించారు. నేల కింద సొరంగం, కాస్త వాలు, అంతే. పంపే లేదు, నీళ్లు నడిచొచ్చేవి.

వేగమే కావాలంటే తల పైకెత్తు, వాయుసేన విన్యాసాల జట్టు సూర్యకిరణ్ విమానాలు ఇక్కడివే. వాటి పంపును ఏ పైలట్టూ ఇంటికి తెచ్చుకుని విప్పడు.