మెగ్గర్ మామ

బోరు మోటారు కాలిపోతే మా కురబలకోట మండలంలో రైతు రెండు చోట్లకు పరిగెత్తుతాడు. మొదట అప్పిచ్చేవాడి దగ్గరికి, తర్వాత అంగళ్ళులో మోటార్లు కట్టే మామ దగ్గరికి. తోటలో టమోటా పిందె మీదుంటే ముందు మామ, తర్వాతే అప్పు.

నేను పోయేసరికి మామ స్టేటరు ఒళ్ళో పెట్టుకుని రాగితీగ చుట్టలు దింపుతున్నాడు. అమెరికా నుంచి వచ్చి పది రోజులే అయింది. కొడుకు ఇక్కడి ఇంజినీరింగ్ కాలేజీలోనే చదివి మిన్నెసోటాలో ఇల్లు కొన్నాడు. నాలుగు నెలలు అక్కడుండి వచ్చినా మామ వేళ్ళకు వార్నిషు వాసన పోయినట్టు లేదు.

"కేబులు కూడా మార్చాలంటావా మామా?" అన్నాను, నా మోటారు దించుతూ.

మామ కేబులు కొస పట్టుకుని వంచాడు. గోటితో గీకాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "నన్నడిగితే ఏం లాభం? దీన్నడగాల" అంటూ మెగ్గర్ ముందుకు లాగాడు. తీగ పైతోలు గట్టిగా ఉందో, కరెంటు కారుతోందో ముల్లుతో చెప్పే పెట్టె. చేత్తో తిప్పే పాతది, 500 వోల్టులది. "ఇది నాతోపాటు అమెరికా చూసొచ్చింది తెలుసునా! విమానం దిగినాక ముగ్గురు ఆఫీసర్లు దీన్ని తిప్పి తిప్పి చూసినారు. బాంబనుకున్నారో ఏమో."

"ఆడికెందుకు మామా ఇది?"

"ఇంటికప్పు మింద కేబులు చెడిపోయిందని మావాడు ఫోన్లో అన్న్యాడు. ఉత్త చేతుల్తో పోతానా?"

"కప్పు మీద కేబులా! ఏం మోటారుంది అక్కడ?"

"మోటారు గాదు అల్లుడా. ఈడ నీళ్ళు రావాలని కేబులు. ఆడ నీళ్ళు పోవాలని కేబులు."

ఇక మోటారు పక్కకు పెట్టేశాడు. మామకు ఊపొస్తే రైతు తొందర పట్టదు.

"మంచు మూరెడు లోతు పడతాది. ఇంట్లో వేడి పైకెక్కి, కప్పు మింది మంచును అడుగునుంచి కరిగిస్తాది. ఆ నీళ్ళు జారి చూరంచుకు వస్తాయి. చూరు కింద గది లేదు గదా, వేడుండదు. ఆడ మళ్ళీ గడ్డ కడతాది. గడ్డ మింద గడ్డ చేరి చెరువు కట్ట మాదిరి లేస్తాది. దానెనక నీళ్ళు నిలబడి, కప్పు మింది తారు పలకల సందుల్లో దూరి, గోడెంబడి ఇంట్లోకి దిగతాయి. మా నాయన చవుడు మిద్దె మింద చవుడు తోలించని ఏడు కారినట్టే అనుకో. డాలర్లు పోసి కొన్న ఇల్లు గూడా కారతాది!"

అందుకే కరెంటుతో వేడెక్కే కేబుల్ని చూరు పొడుగునా పాములా మెలికలు తిప్పుతారట. దోనెలో పరిచి గొట్టంలోంచి కిందిదాకా వదులుతారట. అడుగుకు అయిదారు వాట్లు. కప్పంతా మంచు కరిగించడం దాని పని కాదు, కట్టకు గండి కొట్టినట్టు నీళ్ళకు ఒక దారి ఇస్తుంది, అంతే. అందులోనూ రెండు జాతులున్నాయట. ఒకటి ఎండైనా చలైనా ఒకే తీరుగా కాలేది. అది చవక, 3 నుంచి 5 ఏళ్ళు వస్తే గొప్ప. మెలిక మీద మెలిక పడిందా, అక్కడే మాడిపోతుంది. రెండోది చలి పెరిగితే తానే వేడి పెంచుకునేది. 10 ఏళ్ళు దాటినా పనిచేస్తుందిగానీ, ఏడాదికేడాది దానికీ సత్తువ తగ్గుతుంది.

"కంట్రాక్టరు వచ్చి చూడకుండానే, ఎనిమిదేండ్లయింది, అంతా పీకి కొత్తది ఎయ్యాల్సిందే అన్న్యాడంట. మన మోటార్ల డీలర్ల అన్న ఈయన!" మామ నవ్వాడు. "ఏండ్లు లెక్కబెట్టి పారేస్తామా దేన్నైనా? పైతోలు పెళుసుబారి పగిలిందా, నల్లగా మాడిన మచ్చ ఉండాదా, ఉడత కొరికిందా, స్విచ్చి ఏసినప్పుడల్లా బ్రేకరు పడిపోతాందా, కరెంటుండీ దాని పక్క మంచు కరగలేదా, అవి చూడాల. అప్పుడు మారిస్తే మర్యాద."

ఇంటి చుట్టూ నాలుగు కేబుళ్ళు. కొడుకు నిచ్చెనెక్కి చూశాడు, మామ కింద నిలబడి ప్లగ్గులు పీకి, తీగకూ ఎర్తుకూ మధ్య మెగ్గర్ తిప్పాడు. మూడింటికి ముల్లు పోయి అటుచివర నిలబడింది. నాలుగోది సున్నా దగ్గరే పడుకుంది. పైన చూస్తే దోనె మలుపులో ఉడత కొరికిన గాటు, రాగి బయటపడి ఉంది. ఒక్కటి మారిస్తే చాలన్నాడు మామ. వేలల్లో పోవాల్సిన డాలర్లు వందల్లో తేలాయి.

"మరి చలెట్లుండింది మామా? అత్త తట్టుకునిందా?"

"అత్త సంగతి అడగొద్దు. ఇంట్లోనే రెండు స్వెట్టర్లు, మంకీ క్యాపు, పైన మూడు దుప్పట్లు. హార్స్‌లీ కొండ మింద మాఘమాసంలో తెల్లారుజామున నీళ్ళు మోసిన మనిషి అది. అయినా ఒణికింది. ఇల్లంతా ఫారన్‌హీటు 70 డిగ్రీలు పెట్టినాం, ముసలాళ్ళకు ఒంట్లో వేడి తక్కువ, అన్న్యాడు మావాడు. అవునేమో అనుకున్న్యాం."

ఇల్లు మాత్రం భలే ఇల్లంటాడు. గదిగదికీ నేలలో ఒక జాలీ, అందులోంచి వేడిగాలి. వాడకం లేని గదులకు ఆ జాలీ మూత తిప్పేస్తే గ్యాసు బిల్లు తగ్గుతుందని వచ్చిన రోజే కొడుకు చూపించాడట. "పొదుపు మన బుద్ధే గదా, యాడికి పోతాది" అని మామ మురిశాడు.

మాటల్లోనే నా కేబులు చూడటం అయింది. ముల్లు నిలబడింది. పనికొస్తుందన్నాడు. ప్రాణం లేచొచ్చింది. ఇక లేద్దామనుకుంటే మామ ఇంకా మిన్నెసోటాలోనే ఉన్నాడు.

"మారిస్తే మార్చినాంలే, అసలు రోగం కేబులు గాదురా అని మావాణ్ణి రోడ్డు మిందికి పిలుచుకుపోయినా. పక్కింటి కప్పు చూడు, మంచు ఉతికిన పంచె పరిచినట్టుండాది. నీ కప్పు చూడు, గజ్జి కుక్క వీపు మాదిరి మచ్చలు మచ్చలు. మంచు యాడ కరిగితే దాని కిందినుంచి వేడి కారిపోతా ఉండాదని లెక్క. అటకలో సందులు పూడ్చు, దూది పరుపు మందం చెయ్యి, అప్పుడు కేబులు పనే తగ్గతాదని చెప్పినా. వాడు నోరు తెరుచుకుని ఇన్న్యాడు. ఇన్ని సమచ్చరాలకు నా చదువు వాడికి పనికొచ్చింది."

మామ మళ్ళీ స్టేటరు ఒళ్ళోకి లాక్కున్నాడు. చుట్ట ఒకటి దింపాడు.

"అప్పుడు వాడే చూపించినాడు. నాయనా, ఆ పడమటి మూల చూడు, మంచు పడింది పడినట్టే ఉండాది, ఒక్క గడ్డ గూడా యాలాడలేదు, ఆడ మటుకు బలే కట్టినారు, గదా అన్న్యాడు."

"నువ్వేమన్నావు మామా?"

"అవున్నాయనా, ఆ మూలకు కేబులు అక్కర్లేదు అన్న్యా." తీగ కొస పళ్ళతో లాగి బిగించాడు. "ఆ కిందనే గదా నేనూ మీ అత్తా పండుకునేది."