పరారుణపాదప టీక

మూలము: పరారుణపాదపమ్. అచ్ఛిన్నమ్.

అవతారిక: మా మిత్రులొకరు చేవెళ్ల త్రోవలోని మఱ్ఱిచెట్టు నొకదానిని పరారుణ ఛాయాచిత్రముగా తీసి, మూడడుగుల అట్టకు బిగించి, ప్రదర్శనశాలలో వ్రేలాడగట్టి, దాని క్రింద నీ రెండు పదములను లిఖించిరి. మఱ్ఱిచెట్టు అని తెలుగున వ్రాసిన చూడవచ్చినవారి కర్థమై పోవునను భయముననే యీ సూత్రము జనించినది. సూత్రము జనించిన పిదప టీక జనింపక తప్పదు.

ప్రతిపదార్థము: చెట్టనగానేమో త్రోవను పోవు మేకకును తెలియును గావున విడిచితిమి. పరారుణమనగా అరుణమునకు పరమైనది; సవర్ణదీర్ఘసంధి. 1800లో విలియం హెర్షెల్ ఎండను పట్టకముతో రంగులుగా విడదీసి, ఎఱుపు ముగిసిన చీకటిచోట ఉష్ణమాపక ముంచగా, రంగులలోకంటె నచ్చటనే వేడి హెచ్చుగా తేలెను. మన కన్ను దాదాపు 700 నానోమీటర్లకడ తలుపు మూసికొనును; మా మిత్రుల వడపోతగాజు 720 కడ తలుపు తెఱచును. పత్రహరిత మీ కిరణములను త్రాగదు. అవి ఆకులోని కణములకును గాలిసందులకును నడుమ చెదరి వెలికి వచ్చుటచే, పచ్చని చెట్టు పాలనురుగువలె తెల్లనగును. ఆకాశమో, కాటుకయగును. ఇట్టి పటములను 1910లో రాబర్ట్ వుడ్ ప్రకటించెను గనుక దీనికి వుడ్ ప్రభావమని పేరు. ఇంగ్లీషులో ఆ పేరునకు కలప యని యర్థమగుట కేవలము కాకతాళీయము.

ఇక అరుణుడెవరు? ఈ ముచ్చట చెప్పక టీకాకారుని ప్రాణ మూరకుండదు. కద్రువ గ్రుడ్లు పగిలి పిల్లలు బయల్వెడలగా, తన రెండు గ్రుడ్లును కదలకుండుట చూచి యోర్వలేక, వినత యొకదానిని చిదిపెను. అందుండి పైమేను మాత్రమే యేర్పడిన కొడుకు వెలువడి, తల్లిని అయిదువందల యేండ్లు దాస్యము చేయుమని శపించి, రెండవ గ్రుడ్డునైనను తొందరపడి చిదుపవలదని బుద్ధి చెప్పి, సూర్యునికి సారథియై పోయెను. ఊరువులు లేనివాడు గనుక అనూరుడు. క్రింది భాగము లేకుండ తొందరపాటున వెలువడిన మొట్టమొదటి కృతి యీతడేయని మా మతము. అయినను వినత పశ్చాత్తాపపడినది. దానిని అట్టకు బిగించి సంస్కృతమున పేరు పెట్టలేదు.

ప్రకృతము మఱచితిమి. పాదములతో త్రాగునది పాదపము. మా మిత్రులు చట్రపు క్రిందియంచును మాను నడుమకు తెచ్చి నిలిపిరి గావున పాదపమునకు పాదములు లేవు. ఊడలు నేలను చేరక, దాహముతో, నల్లని గాలిలో వ్రేలాడుచున్నవి. సారథికి కాళ్లు లేకున్నను రథము నడచును. కాళ్లు లేని మఱ్ఱి యెట్లు త్రాగును?

శంక: తీసిన పిమ్మట పటమును కత్తిరింపలేదు గదా, అచ్ఛిన్నమనుట కేమి లోపము? సమాధానము: కత్తెర చేతబట్టకమునుపే కోత ముగిసినది. చట్రము నిలిపిన క్షణముననే టీకొట్టును, దాని బల్లయు, రెండు సైకిళ్లును, చెట్టు మొదలును తెగిపోయినవి. చేవెళ్ల బాట వెడల్పుకై యీ మఱ్ఱులను కొట్టుటయా నిలుపుటయా యని యేండ్ల తరబడి జనులు వాదులాడినారు. అట్టి చెట్టును మొదలు లేకుండ చూపి, క్రింద అచ్ఛిన్నమని వ్రాయుటకు చేయి యెట్లాడెనో మాకు తెలియదు.

పాఠభేదము: పటము క్రిందియంచున, మానును ఆనుకొని, తెల్లని గుబ్బవంటి వస్తువొకటి కలదు. ప్రదర్శనమున కొందఱు దానిని పుట్టగొడుగనిరి. ఒక పెద్దమనిషి వృక్షరోగములను గూర్చి పావుగంట యుపన్యసించిరి. ఈ పాఠము సగమే గ్రాహ్యము. మాను కొలత తెలియవలెనని మా మిత్రులు మిట్టమధ్యాహ్నము నన్ను దాని మొదట నిలిపి, కదలవలదని, ఒక్కొక్క పటమునకు ముప్పది సెకనుల చొప్పున రెండు గంటలు శాసించిరి. పరారుణమున నల్లగుడ్డ సైతము తఱచుగా తెల్లబడును. అచట పుట్ట లేదు. గొడుగున్నది, అది నాది, దాని క్రింద నేనుంటిని.