స్నానాలగది ప్రబంధం

ప్రబంధమన్నాక అష్టాదశ వర్ణనలు ఉండాలన్నారు లాక్షణికులు. వాటి కోసం అలకాపురి దాకా పోనక్కర్లేదు. మే నెల, బెజవాడ, ఒక అపార్టుమెంటు మూడో అంతస్తు, అందులో ఒక స్నానాలగది. పురవర్ణన అయిపోయింది. నాయకుడు ధీరోదాత్తుడు, బ్యాంకులో క్యాషియరు. బ్లాక్ అండ్ వైట్ ఫిల్మును సొంత చేతులతో ఇంట్లోనే కడుగుతానని పంతం పట్టినవాడు. ఐదడుగుల పైచిలుకు పొడవున్న ముప్ఫై ఆరు ఫోటోల ఫిల్ము ఆదిశేషుడిలా చుట్ట చుట్టుకొని డబ్బాలో నిద్రపోతోంది.

సూర్యోదయ చంద్రోదయాలు ఈ కావ్యంలో నిషిద్ధం. తలుపు కింది సందులో తువ్వాలు కుక్కారు, వెంటిలేటరుకు నల్ల దుప్పటి బిగించారు. సినిమాల్లో చూపించే ఎర్ర బల్బు ఏదని రసజ్ఞులు అడగవచ్చు. అది ఫోటో కాగితం కడిగేటప్పటి వైభోగం. ఫిల్ము ఎరుపును కూడా చూస్తుంది గనుక దాని ముందు ఏ దీపమూ పనికిరాదు.

సూచీభేద్యమైన ఆ చీకట్లో యుద్ధం మొదలైంది. సోడా ఓపెనరుతో డబ్బా తల ఎగిరింది. ఫిల్ము కొస మూలలను కత్తెరతో గుండ్రం చేసి, నాయకుడు దాన్ని స్పైరల్ ముఖద్వారాన నిలిపాడు. చుట్లు చుట్లుగా గాళ్లున్న ఆ ప్లాస్టిక్ చక్రాలు సాక్షాత్తూ పద్మవ్యూహం. రెండు చేతులతో ముందుకూ వెనక్కూ తిప్పుతుంటే మొదటి నాలుగైదు ఫోటోలు అభిమన్యుడిలా లోపలికి దూసుకుపోయాయి. వెనక వస్తున్న సైన్యం మాత్రం వాకిట్లోనే ఆగిపోయింది. అక్కడ సైంధవుడున్నాడు. వాడి పేరు తడి. పొద్దున కడిగిన స్పైరల్‌లో ఎక్కడో ఒక్క నీటిబొట్టు మిగిలింది. ఫిల్ము మీది జెలటిన్ దానికి మెత్తబడి బంకలా అతుక్కుంది. నాయకుడు లాగాడు, బుజ్జగించాడు, ఇలవేల్పును తలచుకున్నాడు. నుదుటి చెమట ఫిల్ము మీద రాలకుండా తల పక్కకు తిప్పుకున్నాడు. సరిగ్గా అప్పుడే వెలుపలి నుంచి దూతవాక్యం:

"ఏమండీ, ఇంకా ఎంతసేపు? అమ్మ స్నానానికి చూస్తోంది."

"తలుపు ముట్టుకోకు!" అని లోపలి నుంచి సింహనాదం.

ఓడినవాడు వెనక్కి తగ్గడం కూడా నీతిశాస్త్రమే. ఫిల్మును బయటికి లాగి ట్యాంకులో వేశాడు, నడి గొట్టం పెట్టి మూత బిగించాడు, లైటు వేశాడు, భార్య హెయిర్ డ్రయ్యరు అందుకొని సైంధవ సంహారం కావించాడు. మళ్లీ చీకటి. రెండో దండయాత్రలో సేన మొత్తం వ్యూహంలో చేరింది. నీళ్లు పోగలవు, వెలుతురు పోలేదు: అటువంటి ట్యాంకును మయుడే కట్టి ఉండాలి. ఇక దీపాలు వేసుకోవచ్చు.

డెవలపరుది చిన్న వంశం కాదు. డి-76 అనే ఈ మహనీయుడు 1927లో, సినిమా ఫిల్ముల కోసం, కొడాక్ వారింట అవతరించాడు. లీటరు నీళ్లకు మెటాల్ 2 గ్రాములు, హైడ్రోక్వినోన్ 5, బొరాక్స్ 2, సోడియం సల్ఫైట్ మాత్రం 100. పని చేసేది మొదటి ఇద్దరే. వాళ్లను కుర్చీలోంచి లేపేది బొరాక్స్. తక్కిన వంద గ్రాములకూ ముఖ్య ఉద్యోగం ఆ ఇద్దరూ గాలి సోకి చెడిపోకుండా కాపలా కాయడం. మన సర్కారు ఆఫీసుల లెక్కేమీ ఇంతకు భిన్నం కాదు.

ఋతువర్ణన దగ్గరే కవికి చెమట పట్టింది. డెవలపరు 20 డిగ్రీల దగ్గర ఉండాలంటుంది పట్టిక. మిద్దె మీది ట్యాంకులోంచి దిగే బెజవాడ నీళ్లకు టీపొడి ఒక్కటే తక్కువ. వేడెక్కితే డెవలపరు పూనకమొచ్చినట్టు పనిచేస్తుంది, ఫిల్ము నల్లబడి కూర్చుంటుంది. కాబట్టి ఫ్రిజ్జులోని ఐసు ముక్కలన్నీ హిమవత్పర్వతాలై బకెట్లో వెలిశాయి. థర్మామీటరు దిగింది: 31, 27, 24... మధ్యాహ్నం మజ్జిగ కోసం దాచిన ఐసు ఏమైందన్న విచారణ వంటింట్లో అప్పటికే మొదలైంది. 20 దగ్గర పాదరసం ఆగగానే నాయకుడు డెవలపరును ట్యాంకులోకి వంచాడు.

ఇది అమృతమథనం, దేవదానవులిద్దరూ తానే. ఇల్ఫర్డ్ హెచ్‌పీ5 ఫిల్ముకు ఏడున్నర నిమిషాలు. ప్రతి నిమిషం మొదట్లో పది సెకన్ల పాటు నాలుగుసార్లు ట్యాంకును తలకిందులు చేయాలి, బుడగలు అంటుకోకుండా నేలకు ఒక్కటి తట్టాలి. బుడగ నిలిచిన చోట ఫోటోలో గుండ్రని మచ్చ తేలుతుంది. ఆపై కాసేపు వెనిగరు నీళ్లు. దాన్ని వర్ణించడం కాగితం దండగ.

హైపో సంగతి వేరు. వెండి లవణాలను అది కరిగిస్తుందని జాన్ హెర్షెల్ 1819లోనే కనిపెట్టాడు. ఫోటోగ్రఫీ లోకంలోకి వచ్చింది 1839లో. అంటే శత్రువు పుట్టకముందే దివ్యాస్త్రం అమ్ములపొదిలో ఇరవై ఏళ్లు కాచుక్కూర్చుంది. ఆ హైపో తగలగానే ఫిల్ము మీద మిగిలిన పాలసముద్రమంతా తేటపడింది.

జలక్రీడలో మూడు దఫాలు. నీళ్లు నింపి ఐదుసార్లు తిరగేయడం, మార్చి పదిసార్లు, మళ్లీ మార్చి ఇరవైసార్లు. గంటల తరబడి కొళాయి వదిలేయక్కర్లేదని అపార్టుమెంటు సంఘానికి కవి విన్నపం.

చివరికి పుత్రోదయం. బట్టల క్లిప్పుతో ఫిల్ము తీగకు వేలాడింది. దుమ్ము పడుతుందని ఇంట్లో ఫ్యాన్లన్నీ ఆపించాడు నాయకుడు, మే నెలలో. ఆ ఉక్కపోతలో అత్తగారు స్నానాలగది గడప దగ్గరికొచ్చి, కళ్లజోడు సవరించుకొని, నెగటివ్‌లో తనను తాను పోల్చుకొని చాలాసేపు చూసింది.

"అల్లుడుగారూ, నా జుట్టు నల్లగా వచ్చిందే! ఇంకేం కడక్కండి, దీన్నే ఫ్రేము కట్టించండి."