విప్పకముందే చెప్పెయ్యండి
సెల్‌ఫోన్ రిపేరు షాపుల వారికి ఆటోమేటిక్ రేట్ల సాఫ్ట్‌వేర్‌పై ఏడు చిట్కాలు

హైదరాబాదు జగదీష్ మార్కెట్‌లో గానీ, మీ ఊరి బస్టాండు పక్క సందులో గానీ, పగిలిన ఫోను పట్టుకొచ్చిన మనిషి అడిగే మొదటి మాట ఒక్కటే: "ఎంతవుతుంది?" పాతకాలపు మెకానిక్ దీనికి ఏమాత్రం మొహమాటం లేకుండా "విప్పి చూస్తేగానీ చెప్పలేను" అంటాడు. ఎంత వెనకబాటు! ఇప్పుడు రేటు కట్టే సాఫ్ట్‌వేర్లు వచ్చేశాయి. కంపెనీ, మోడల్, కంప్లైంటు నొక్కితే చాలు, ఫోను బల్ల మీద పెట్టేలోపే అంకె పడుతుంది. దాన్ని వాడుకునే పద్ధతి నా అనుభవం మీద చెబుతున్నాను.

1. అన్నిటికీ ఒకటే గుణకారం

మొదటిరోజే సాఫ్ట్‌వేర్ "మార్జిన్ ఎంత?" అని అడుగుతుంది. ఆలోచించకుండా 100 శాతం కొట్టండి. ఛార్జింగ్ పిన్ను మీకు 40 రూపాయలకు పడిందనుకోండి, 80 చూపిస్తుంది. మైక్రోస్కోపు కింద పెట్టి, హాట్ ఎయిర్ గన్‌తో పాత పిన్ను లేపి, చుట్టూ ఉన్న ఆవగింజంత పార్టులు ఎగిరిపోకుండా కొత్తది అతికించడానికి గంట పడుతుంది. అదే ఫోల్డర్, అంటే టచ్‌తో కలిపిన డిస్ప్లే, 8,000 అయితే 16,000 చూపిస్తుంది. పని అరగంట. ఫోల్డర్ వాళ్ళు ఒక దండం పెట్టి వెళ్ళిపోతారు, పిన్ను వాళ్ళు వరస కడతారు. షాపు కళకళలాడుతుంది. సామాను లెక్క వేరు, చేతిపని లెక్క వేరు అనేవాళ్ళ మాట వినకండి. వింటే మీ చేతికీ ఒక ఖరీదుందని ఒప్పుకున్నట్టే.

2. జబ్బు పేరు కస్టమర్‌నే చెప్పనివ్వండి

"ఛార్జింగ్ ఎక్కట్లేదు" అంటాడు. జాబితాలో "ఛార్జింగ్ సమస్య" అని ఉంటుంది. నొక్కండి, 1,200. అయిపోయింది. కేబులు పోయిందా, పోర్టులో జేబు నూగు పేరుకుందా, సీసీ బోర్డు పోయిందా, బ్యాటరీ ఉబ్బిందా, ఛార్జింగ్ ఐసీయా, బోర్డు షార్టా అని తవ్వుకుంటూ కూర్చుంటే పొద్దు పోతుంది. నూగు అయితే టూత్‌పిక్కుతో తీసి 1,200 తీసుకోండి. ఐసీ అయితే రెండు రోజులు కుస్తీ పట్టి అదే 1,200 తీసుకోండి. మొదటివాడు ఇంటికెళ్ళి ఊరంతా చెప్తాడు, రెండోవాడి దగ్గర మీకు నష్టం. సగటున చూస్తే న్యాయం జరిగినట్టే.

3. మోడల్ నంబరు చాదస్తం వద్దు

ఒకే పేరు మీద 4జీ, 5జీ, ప్రో, ప్రో ప్లస్ అని నలుగురు అన్నదమ్ములుంటారు. ఒకడి ఫోల్డర్ ఇంకొకడికి పట్టకపోవచ్చు. సెట్టింగుల్లోకి వెళ్ళి అసలు మోడల్ నంబరు చూస్తే తేలిపోతుంది గానీ, అంత ఓపిక ఎవరికి? జాబితాలో పైనున్నది నొక్కండి. డిస్ప్లే ఏ రకమో కూడా అడగకండి. సర్వీస్ ప్యాకు, ఓఎల్ఈడీ, ఇన్‌సెల్, కాపీ అని నాలుగు గడులుంటే కస్టమర్ నాలుగు ప్రశ్నలు వేస్తాడు. అన్నీ కలిపి "డిస్ప్లే" అని ఒకే గడి పెట్టండి, అందులో ఓఎల్ఈడీ రేటు రాసి, డబ్బాలోంచి ఇన్‌సెల్ తియ్యండి. స్క్రీన్ మీద వేలిముద్ర పనిచెయ్యట్లేదని మర్నాడు వస్తే, "పిన్ పెట్టుకోండి, అదే సేఫ్" అనండి.

4. పక్క షాపును చూసి రేటు మార్చే మీట నొక్కండి

ఇది అన్నిటికంటే గొప్ప సౌకర్యం. పక్కవాడు ఎంత పెడితే దాన్నిబట్టి మీ రేటు దానంతటదే మారుతుంది. దీనికి హద్దు మాత్రం పెట్టకండి. 2011లో అమెజాన్‌లో ఈగల మీద రాసిన ఒక జీవశాస్త్ర గ్రంథానికి ఇద్దరు అమ్మకందార్లు ఇలాగే చేశారు. ఒకరి ప్రోగ్రాము ఎదుటివాడి రేటును 0.9983తో, రెండోవారిది 1.270589తో గుణించేది. ఒకటి కాస్త దించడం, ఇంకొకటి బాగా ఎత్తడం. మనిషన్నవాడు చూసుకునేసరికి ఆ పుస్తకం ధర 2,36,98,655 డాలర్ల 93 సెంట్లు. పోస్టు ఖర్చు అదనం. మీ వీధిలో టెంపర్డ్ గ్లాసుకు ఆ యోగం ఎందుకు పట్టకూడదు?

5. వాన పడితే రేటు పెంచండి

గిరాకీని బట్టి రేటు పెంచే సెట్టింగు ఉంటుంది. జోరున వాన కురిసి, రోడ్లు చెరువులై, తడిసిన ఫోన్లతో జనం పరిగెత్తుకొచ్చినప్పుడు ఒకటిన్నర రెట్లు చెయ్యండి. అంత ఇచ్చుకోలేనంటే రాత్రి తొమ్మిదికి తగ్గుతుంది, అప్పుడు రమ్మనండి. అందాకా బియ్యం డబ్బాలో పెట్టుకోమనండి. బియ్యంలో పెట్టొద్దని, సన్నటి రేణువులు లోపలికి పోయి ఫోను పాడవుతుందని ఐఫోన్ల గురించి ఆపిల్ కంపెనీయే 2024లో చెప్పింది. బోర్డు మీద చిలుము కూడా తొమ్మిదిదాకా ఆగదు. అయితేనేం, సాయంత్రం కంప్లైంటు "తడి", రాత్రికి "డెడ్". డెడ్ ఫోనుకు రేటు ఇంకా ఎక్కువ.

6. రేటు మారితే కబురు చెయ్యకండి

లోపల ఇంకో పార్టు పోయిందని తెలిసింది. 1,500 చెప్పాం, 3,800 అవుతోంది. కస్టమర్‌ను అడగాలా? ఎలా అడుగుతాం, ఆయన ఫోను మన దగ్గరే ఉందిగా! అందుకే ఫోను తీసుకునేటప్పుడు ఇంట్లోవాళ్ళ నంబరు రాయించుకోకండి. బిల్లు కూడా ఇవ్వకండి. నియమాల ప్రకారం బిల్లు ఇవ్వకపోవడాన్ని 2019 వినియోగదారుల రక్షణ చట్టం అనుచిత వ్యాపార పద్ధతుల్లో చేర్చింది గానీ, 1915 నంబరుకు ఫోన్ చేసి చెప్పుకోవాలంటే ఆయన చేతిలో ఫోనుండాలి కదా.

7. బేరమాడితే తెర చూపించండి

"లాస్ట్ ఎంత భయ్యా?" అని అడుగుతారు. సాఫ్ట్‌వేర్‌లో "లాస్ట్" అనే గడి లేదు. తెర వాళ్ళవైపు తిప్పి "నా చేతిలో ఏం లేదమ్మా, సిస్టమ్ చూపిస్తోంది" అనండి. పదేళ్ళుగా వచ్చే టీ కొట్టు ఆయనైనా, పింఛను ఓటీపీ కోసం కీప్యాడ్ ఫోను తెచ్చిన ముసలమ్మైనా అదే మాట. రెండు నెలలకు జనం మిమ్మల్ని అడగడం మానేస్తారు. తర్వాత రావడం కూడా.

ఒక్క లోపం మాత్రం ఒప్పుకోవాలి. మొన్న ఈ సాఫ్ట్‌వేర్ నడిచే నా ట్యాబు నల్లబడిపోయింది. రేటు చూద్దామంటే చూడాల్సింది దాంట్లోనే. నా కుర్రాణ్ణి విప్పమంటే, ఆర్నెల్లుగా గడులు నొక్కడం తప్ప ఇంకేం చేశాను సార్ అన్నాడు. చేసేదిలేక ఎదురు షాపు భాయ్ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన దగ్గర కంప్యూటరు లేదు, చిరిగిన పద్దు పుస్తకం ఒకటుంది. ఆయన షాపు ముందు జనం అడ్డంగా నిలబడటం వల్లే మా బోర్డు ఎవరికీ కనపడదు.

"ఎంతవుతుంది భాయ్?" అన్నాను.

ట్యాబును చెవి దగ్గర పెట్టి ఒకసారి ఊపి, "విప్పి చూడాలన్నా" అన్నాడు.

అదే పాత పాట. ఒక చిట్కా చెబుదామనుకున్నాను గానీ, నా ముందు ఇంకా తొమ్మిదిమంది ఉన్నారు.