వడ్డాణం మీద దుప్పటి

డాలస్ నుంచి కొడుకు ఫోన్ చేసిన రోజు నుంచీ మా బాబాయికి నిద్ర కరువైంది. టెక్సాస్‌లో 2021 సెప్టెంబరు నుంచి 21 ఏళ్ళు నిండినవాడు పిస్తోలు వెంట పెట్టుకు తిరగాలంటే లైసెన్సు అక్కర్లేదట.

"అక్కడ పాల ప్యాకెట్టుకెళ్ళేవాడికున్న యోగం, మార్టూరులో గ్రానైటు ఫ్యాక్టరీ ఉన్న నాకు లేకపాయెనే!"

"నీకూ ఉంది బాబాయ్. 1959 ఆయుధాల చట్టం కింద అర్జీ పెట్టు. పోలీసులు విచారిస్తారు. నీకు ప్రాణభయం ఉందా అని అడుగుతారు."

"నాకు భయమేందిరా? నన్ను చూసి నలుగురూ భయపడాలనేగా తుపాకీ!"

అసలు పిడుగు అప్పుడేశాను. 2016 నిబంధనల ప్రకారం తుపాకీతో జనంలోకి వస్తే అది ఒరలోనో సంచిలోనో పూర్తిగా కప్పి ఉండాలి. ఝళిపించకూడదు. పెళ్ళి ఊరేగింపులో సరదాకి పేల్చి జనం ప్రాణాల మీదికి తెస్తే, 2019 సవరణ కింద రెండేళ్ళ దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ.

బాబాయి మొహం వాడిపోయింది. "నడుముకి వడ్డాణం పెట్టి, మీద దుప్పటి కప్పుకోమన్నట్టుందిరా!"

"పైగా ఎన్నికల కోడ్ రాగానే స్టేషన్లో అప్పజెప్పమంటారు."

"ఎన్నికలప్పుడే గదరా దాంతో పని!"

పోనీ, పంట కాపలాకి మందు కూరి పేల్చే తుపాకీకి చట్టంలోనే చోటుంది, పదెకరాల మిరప ఉందిగా అన్నాను. "2021లో తోటలు ఊడ్చేసిన నల్ల తామర పురుగుకి గురెక్కడ పెట్టమంటావ్?" అని లేచిపోయాడు.

మర్నాటికి ఉపాయం తట్టింది. చట్టం తుపాకీని కప్పమంది గానీ, గన్‌మన్‌ని కప్పమనలేదు! సఫారీ తొడిగి పక్కన నిలబెట్టుకుంటే చాలు, పెళ్ళిళ్ళలో ముందు వరస కుర్చీ ఖాయం. తీరా వాకబు చేస్తే, ప్రభుత్వం గన్‌మన్‌ని ఇవ్వాలన్నా ప్రాణానికి ముప్పుందని తేలాలట.

అందుకని వారం నుంచి బాబాయి హైవేకి అటూ ఇటూ ఊరంతా గాలిస్తున్నాడు, తనని చంపాలనుకునేవాడు ఒక్కడైనా దొరక్కపోతాడా అని. తన మీద కోపంగా ఉన్నవాళ్ళు చాలామందే తేలారు. అందరూ అప్పులిచ్చినవాళ్ళే.

పాపం, బాబాయి నిండు నూరేళ్ళూ బతకాలని రోజూ దేవుడికి మొక్కేది వాళ్ళే.