కెంటకీ 38–1కి టీకా తాత్పర్యం

మూలం: 38–1.

ప్రతిపదార్థం: 38 = 2014 నవంబరు మొదలు 2015 మార్చి దాకా కెంటకీ విశ్వవిద్యాలయ పురుషుల బాస్కెట్‌బాల్ జట్టు వరుసగా గెలిచిన ఆటలు; అడ్డగీత = విభజకం; 1 = 2015 ఏప్రిల్ 4న ఇండియానాపొలిస్‌లో విస్కాన్సిన్ చేతిలో 64–71తో పోయిన జాతీయ సెమీఫైనల్.

అన్వయం తేలికే, పేచీ అంతా తాత్పర్యంలో ఉంది. పూర్వపక్షి ఈ రెండంకెల సూత్రాన్ని చూడగానే ‘అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లో శని ఉంది’ అని తేల్చేస్తాడు. ఆయన దృష్టిలో 38 ఉపోద్ఘాతం, 1 గ్రంథం. కానీ వాక్యతాత్పర్యం తేల్చడానికి మన శాస్త్రకారులు ఆరు గుర్తులు చెప్పారు: ఉపక్రమోపసంహారాలు, అభ్యాసం, అపూర్వత, ఫలం, అర్థవాదం, ఉపపత్తి. వీటిలో మొదటిది జంట. పూర్వపక్షి అందులో ఉపసంహారాన్ని మాత్రం విరిచి పట్టుకున్నాడు. ఉపక్రమం చూడండి: నవంబరు 18న, అదే ఇండియానాపొలిస్‌లో, కాన్సస్ అంతటి జట్టు మీద 72–40. ఇక అభ్యాసమంటే ఒకే మాట మళ్లీ మళ్లీ చెప్పడం. డిసెంబరులో యూసీఎల్‌ఏ మీద సగం ఆటకే 41–7, చివరికి 83–44. మార్చిలో, ఓడితే ఇంటికే అనే దశలో, వెస్ట్ వర్జీనియా మీద 78–39, అంటే సరిగ్గా రెండింతలు. ఇంత గట్టిగా, ఇన్నిసార్లు చెప్పిన మాటను ఒక్క రాత్రి రద్దు చేస్తుందనడం వ్యాఖ్యానధర్మం కాదు. అపూర్వత సంగతి వేరే చెప్పాలా? అంతకుముందు అగ్రశ్రేణి కళాశాల పురుషుల జట్టేదీ 38–0 దాకా రాలేదు. ఈ కుర్రాళ్లు వృత్తి జట్టయిన ఫిలడెల్ఫియా సెవెంటీసిక్సర్స్‌ను కూడా ఓడించగలరా అని ఆ ఏడాది సాగిన చర్చ మటుకు ఉత్త అర్థవాదం, మూలంలో ఆధారం లేని స్తుతి. మూలంలో లేనిది రాయనని నియమం పెట్టుకున్న వ్యాఖ్యాత కొలచల మల్లినాథసూరి ఊరివాళ్లకు అది పనికిరాదు.

‘సులువుగా గెలవడమే వాళ్లను చెడగొట్టింది, బిగిసిన ఆట ముగించడం నేర్చుకోలేదు’ అని ఒక ఆక్షేపం ఉంది. వినసొంపుగానే ఉంటుంది గాని నిలవదు. ఓలే మిస్ మీద అదనపు సమయంలో 89–86, టెక్సస్ ఎ అండ్ ఎం మీద రెండు అదనపు సమయాల తర్వాత 70–64, సెమీఫైనల్‌కు ముందరి ఆటలో నోటర్‌డామ్ మీద 68–66. అయితే విస్కాన్సిన్‌తో ఆటలో దోషమే లేదనను. ఆఖరి నిమిషాల్లో ముందంజలో ఉండి కూడా కెంటకీ వరుసగా మూడుసార్లు, అప్పటి నియమం ప్రకారం దొరికే 35 సెకన్లలో, బంతిని సరిగా బుట్టవైపు వేయలేక పోగొట్టుకుంది. ఇది దాచే టీకాకారుడు టీకాకారుడే కాడు. పైగా ఎదుటిది చిన్నాచితకా జట్టు కాదు, ఆ ఏడాది 36 ఆటలు గెలిచినది. కాకపోతే ఆ దోషం 1కి చెందినది. దాన్ని వెనక్కి మోసుకెళ్లి 38 మీద పులమకూడదు.

ఇప్పుడు ఉపపత్తి. ఎదురైన ఏ జట్టునైనా పదింట తొమ్మిదిసార్లు ఓడించగల జట్టుందనుకుందాం. జాతీయ టోర్నీలో కిరీటానికి ఆరు ఆటలు వరుసగా గెలవాలి. తొమ్మిది పదోవంతులను ఆరుసార్లు గుణిస్తే వచ్చేది నూటికి 53. అంతటి జట్టు కూడా దాదాపు సగం సంవత్సరాల్లో ఓటమితోనే ముగిస్తుంది. కనక ఉపసంహారం జట్టు స్వభావం కంటే టోర్నీ స్వభావాన్నే ఎక్కువ చెబుతుంది. దీనికి అంతకుముందు ఏడాది కెంటకీయే సాక్షి: 2014లో 10 ఓటములు మూటగట్టుకుని ఫైనల్ దాకా వెళ్లింది, దారిలో ఇదే విస్కాన్సిన్‌ను 74–73తో దాటింది; పదకొండో ఓటమి ఆ ఫైనలే. ముగింపే ప్రమాణమైతే 29–11 జట్టు 38–1 జట్టు కంటే గొప్పదనాలి. పూర్వపక్షి కూడా అంత దూరం రాడు.

‘మరి ఫలం?’ అంటాడు. కప్పు రాలేదు, నిజం. కానీ ఈ జట్టుకు ఫలం ఒక్క కప్పేనా? శిక్షకుడు జాన్ కాలిపరి కుర్రాళ్లను వృత్తి క్రీడకు పంపడాన్ని ఏనాడూ చాటుగా చేయలేదు. ఎక్కువమంది ఉన్నారని అయిదుగురేసి రెండు దళాలుగా దించాడు, డిసెంబరులో జట్టు ఆటగాడు పోయ్‌త్రెస్ మోకాలు దెబ్బతినేదాకా. ఆ వేసవి ఎన్‌బీఏ డ్రాఫ్టులో ఈ ఒక్క జట్టు నుంచి ఆరుగురు ఎంపికయ్యారు. మొట్టమొదటి పేరు కార్ల్-ఆంథొనీ టౌన్స్‌ది, పదమూడోది డెవిన్ బుకర్‌ది.

పాఠాంతరంగా 1976 ఇండియానా 32–0ని చూపేవాళ్లున్నారు. అది నిర్దుష్టమైన మూలం, టీక అక్కర్లేదు. 2015 ఏప్రిల్‌లో కప్పు గెలిచిన డ్యూక్ 35–4కీ అక్కర్లేదు. నాలుగు ఓటములున్నా దాని తాత్పర్యమేమిటని ఎవరూ అడగలేదు.